కౌంటెస్‌కి మొగుణ్ణి వెతకొద్దు

పోయిన ఏడాది రిటైరయ్యాను. షికాగో పక్కనున్న మా అరోరాలో మన తెలుగువాళ్ళ ఇళ్ళకి భోజనానికి వెళితే ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతారు, “మీరేం చేసేవారండీ?” అని. “షికాగోలో మ్యూజియంలో పనిచేసేదాన్ని” అంటే, “ఓహో, వాళ్ళ ఐటీ చూసేవారా?” అంటారు. కాదు నాయనా. యూరప్ దొరసానుల బొమ్మలు, అదే డచెస్‌ల బొమ్మలూ కౌంటెస్‌ల బొమ్మలూ గోడకి వేలాడుతుంటాయే, వాటి పక్కన చిన్న చీటీ ఉంటుంది చూడండి, ఆ బొమ్మలో ఉన్నది ఎవరో చెప్పే చీటీ. అది రాసేదాన్ని. ఈ జవాబు విన్నాక అడిగినాయన తల ఊపి, పప్పులో నెయ్యి వేసుకోవడానికి లేచి వెళతాడు.

మొన్న శ్రావ్య వచ్చింది. మా వీధిలోనే పుట్టి పెరిగిన పిల్ల. అమ్మానాన్నలిద్దరూ సాఫ్ట్‌వేర్, ఈ పిల్ల మాత్రం ఆర్ట్ హిస్టరీ చదివి ఒక మ్యూజియంలో చేరబోతోంది. “ఆంటీ, లైక్, అసలు జాబ్ ఏంటి, రియల్‌గా? వెబ్‌సైట్‌లో ఉండేది కాదు” అని అడిగింది. నోటితో చెప్పడం మొదలుపెట్టి, సగంలో ఆపి, రాసిస్తానన్నాను. ప్రమోషన్లూ మీటింగులూ ఇందులో ఉండవు. బొమ్మల్లో ఉన్నవాళ్ళ పేర్లూ బొమ్మల చుట్టూ ఉన్నవాళ్ళ పేర్లూ మార్చాను.

అత్తగారి మెళ్ళో నగ

చీటీ అంటే నాలుగైదు వాక్యాలు. అంత చిన్నదాంట్లో తప్పు ఎక్కడ దొర్లుతుందంటే, ఎప్పుడూ ఆడవాళ్ళ బిరుదు దగ్గరే. మగాడికి కౌంట్ అనో డ్యూక్ అనో ఒక బిరుదు వచ్చిందంటే చచ్చేదాకా అది అతనిదే, దాంతో మనకి పేచీ లేదు. ఆడదాని బిరుదు అలా కాదు. తండ్రి వల్ల ఒకటి ఉంటుంది, పెళ్ళయితే అది మారుతుంది, మొగుడు పోతే మళ్ళీ మారుతుంది, విడాకులైతే ఇంకోలా మారుతుంది. ఒకే మనిషి నాలుగు పేర్లతో నాలుగు చోట్ల కనిపిస్తుంది, నలుగురు మనుషులు ఒకే పేరుతోనూ కనిపిస్తారు.

మొదటి ఏడాదే నాకు ఇది తగిలింది. బొమ్మలు భద్రపరిచే మా స్టోర్‌లో ఇంగ్లండుకి చెందిన ఒకే కౌంటెస్‌వని చెప్పే బొమ్మలు రెండుండేవి. ముక్కులు కలవవు. గడ్డాలు కలవవు. చిత్రకారుడికి పోలికలు పట్టడం చేతకాలేదని ఎవరో పెద్దమనిషి ఫైల్లో రాసి పెట్టాడు. నేను మొహాలు వదిలేసి మెడలు చూశాను. ఇద్దరి మెళ్ళోనూ ఒకటే పచ్చల హారం. అంతే, విషయం తెలిసిపోయింది. వాళ్ళు అత్తా కోడళ్ళు. కొడుక్కి తండ్రి బిరుదు వచ్చి పెళ్ళయిన రోజున కోడలు కౌంటెస్ అవుతుంది, అత్తగారి పేరు ముందు ‘డావజర్’ అని చేరుతుంది, అంటే పాత కౌంటెస్ అని. వంశం నగలు బిరుదుతోపాటు కోడలి మెళ్ళోకి పోతాయి. తెలుగింట్లో పుట్టి పెరిగినదాన్ని, అత్తగారి హారం కోడలి మెళ్ళోకి రావడం వెనక ఎంత కథ ఉంటుందో నాకొకరు చెప్పాలా?

ఇంకో సంగతి గుర్తుపెట్టుకో శ్రావ్యా, దీని అవసరం ముందు ఉంది. ఆ లోకంలో భర్త హోదా భార్యని పైకి లాగుతుంది, భార్య హోదా భర్తని లాగదు. ఏ హోదా లేని పిల్ల ఒక ఎర్ల్‌ని (ఇంగ్లండులో కౌంట్‌ని అలా అంటారు) చేసుకుంటే పూట తిరక్కుండా కౌంటెస్ అయిపోతుంది. ఎర్ల్ కూతురు ఒక డాక్టర్ని చేసుకుంటే ఆవిడ పేరు ముందు ‘లేడీ’ అలాగే ఉంటుంది, ఆయన మాత్రం ఉత్త డాక్టరే. పార్టీల్లో ఆవిణ్ణి ముందు వరసలోకి పిలుస్తారు. ఆయన కోటు పట్టుకుని వెనకాల నిలబడతాడు.

వాల్టర్

నా పై అధికారి వాల్టర్, మా యూరప్ విభాగానికి పెద్ద. పొడుగ్గా, కాస్త వంగి ఉండేవాడు. ఏ చీటీ తీసుకెళ్ళినా ఎర్ర పెన్సిల్‌తో సగం కొట్టేసేవాడు. నేను హైదరాబాదులో ఒక మ్యూజియంలో యూరప్ బొమ్మల గది చూసుకుంటూ ఫ్రెంచి నేర్చుకున్నదాన్ని. ఇంటర్వ్యూలో నా డిగ్రీల గురించి ఒక్క ముక్క అడగలేదాయన. ఒక బొమ్మ ముందు నిలబెట్టి, “ఏం కనిపిస్తోందో చెప్పు. తెలిసింది చెప్పొద్దు” అన్నాడు. (ఆయన మాటలు ఇంగ్లీషులోవే, నేను తెలుగులో రాస్తున్నాను.) ముందు చూడు, తర్వాత చదువు అనేది ఆయన నేర్పిన విద్య. నేను బాగా పనిచేశానంటే సగం ఆయన వల్లే, ఆ మాట దాచను.

ఆయనకి గర్వం కూడా తక్కువేం కాదు. కుర్రతనంలో రాసిన ఒక వ్యాసంతో ఆయనకి పేరొచ్చింది. దాని గురించి ఎవరైనా కదిపితే చాలు, కాఫీ చల్లారిపోయేదాకా ఆగడు. ఆ వ్యాసం మా మ్యూజియంలో ఉన్న ఒక జంట గురించి.

మా మ్యూజియం ముద్దుల జంట

ఒక కౌంట్, ఒక కౌంటెస్. పక్కపక్కన వేలాడేవారు. ఆయన కత్తి పిడి మీద చెయ్యి వేసి, ఆవిడ ఒళ్ళో పుస్తకం పెట్టుకుని, ఒకళ్ళ వైపు ఒకళ్ళు తిరిగి ఉంటారు. ఫ్రేములు ఒకలాంటివే. షికాగోలో పెళ్ళి చేసుకున్న జంటలు వచ్చి వాళ్ళ ముందు ఫొటోలు తీయించుకునేవారు. మా షాపులో వాళ్ళిద్దరి కాఫీ కప్పులు కూడా అమ్మేవాళ్ళం.

ఆ రోజుల్లో భార్యాభర్తల బొమ్మలు వేస్తే, చూసేవాళ్ళకి ఎడమ చేతి వైపు భర్త, కుడి చేతి వైపు భార్య ఉండటం పద్ధతి. మన పురోహితుడు దంపతుల్ని పీటల మీద ఎటు ఎవరు కూర్చోవాలో చూసి సర్దినట్టే, వాళ్ళకీ ఒక లెక్క ఉండేది. మా జంటలో అది తారుమారు. ఆవిడ ఎడమవైపు, ఆయన కుడివైపు. అలా పెడితేనే మొహాలు ఎదురెదురుగా వస్తాయి, లేకపోతే అలిగి వీపులు తిప్పుకున్నట్టుంటుంది. ఎందుకిలా ఉంది? భార్య పుట్టిల్లు భర్త ఇంటికంటే పెద్దది కాబట్టి గౌరవ స్థానం ఆవిడకి ఇచ్చారు, ఆవిడ రొమ్ము మీద గుచ్చుకున్న నగ, అంటే బ్రోచ్, భర్త పెట్టిన పెళ్ళి కానుక. ఇదీ వాల్టర్ వ్యాసం. చాలా పుస్తకాల్లోకి ఎక్కింది.

నేను ఉద్యోగంలో చేరిన ఆరో ఏట పెళ్ళి చిత్రాల మీద పెద్ద ఎగ్జిబిషన్ పెట్టాలనుకున్నారు. పోస్టర్ మీద ఈ జంటే. అందుకోసం బొమ్మలు రెండూ కిందికి దించి ల్యాబ్‌లో శుభ్రం చేశారు. పచ్చబడిపోయిన పాత వార్నిష్ తీసేశాక నన్ను రమ్మన్నారు, చీటీకి ఏమైనా పనికొస్తుందేమో చూడమని. వెళ్ళి భూతద్దం పెట్టి చూశాను. బ్రోచ్ కాదది. తెల్ల అంచున్న నల్ల రిబ్బన్, ముడి వేసి ఎడమ రొమ్ము మీద పెట్టారు. దానికి ఎనామెల్ శిలువ వేలాడుతోంది.

ఆ గుర్తు ఏమిటో నాకు తెలుసు. యూరప్‌లో కొన్నిచోట్ల పెద్దింటి ఆడపిల్లల కోసం మఠాల్లాంటి సంస్థలుండేవి. సన్యాసం కాదు. ఎవరిల్లు వాళ్ళది, ఎవరి వంటమనిషి వాళ్ళది, సంస్థ భూముల మీద వచ్చే రాబడిలో వాటా, సాయంత్రం కావాలంటే నాటకాలకి వెళ్ళొచ్చు. లోపలికి రావాలంటే మాత్రం అమ్మ వైపూ నాన్న వైపూ తరతరాలుగా గొప్ప రక్తమేనని రుజువు చూపించాలి. చూపించి చేరితే, కొన్ని సంస్థల్లో ఆ స్థానంతోపాటే కౌంటెస్ బిరుదు వచ్చేది. మొగుడు లేకుండా, తండ్రి బిరుదుతో పని లేకుండా కౌంటెస్! పెళ్ళి చేసుకోవాలనుకుంటే చేసుకోవచ్చు, కానీ ఆ రిబ్బన్ తిరిగి ఇచ్చేసి బయటికి పోవాలి. రిబ్బన్ ఒంటి మీద ఉందంటే ఆవిడకి మొగుడు లేడన్నమాట.

మా వృత్తిలో వాళ్ళు మాత్రమే చేయగల తప్పు ఇది. కౌంటెస్ అని కనబడగానే ఆవిడ కౌంట్ ఎక్కడా అని వెతుకుతాం. పక్కనే ఒక కౌంట్ దొరికాడు, ఇద్దరికీ ముడి పెట్టేశాం. ఆయన భార్య పేరేదో ఆయన వంశవృక్షంలో ఉంటే దాన్ని తెచ్చి ఈవిడకి తగిలించాం. వెనకటికి ఎప్పుడో అమ్మిన వ్యాపారి ఇద్దరికీ ఒకేలాంటి ఫ్రేములు చేయించాడు, మేం పెళ్ళి జరిపించాం. పాపం, ఆవిడ ఇంకొకరి భార్య పేరుతో మా గోడ మీద ఏళ్ళ తరబడి ఉంది.

అనుమానం మీద మాట్లాడకూడదని యూరప్‌లో ఆ సంస్థ ఉండిన ఊరి మ్యూజియంవాళ్ళకి ఫొటోలు పంపాను. అదే సంస్థ, అదే రిబ్బన్ అని జవాబొచ్చింది. ఆవిడ సొంత పేరు కూడా వచ్చింది.

మా ఇంట్లో హోదా

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్పాలి. మా ఆయన ప్రసాద్ హైదరాబాదులో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌గా చేసేవాడు. హెచ్-వన్ బీ వీసా నాది. ఆయనది నా వీసాకి తోకలా వచ్చిన డిపెండెంట్ వీసా, దాని మీద ఉద్యోగం చేయకూడదు. వంట చేసేవాడు, నన్ను రోజూ స్టేషన్ దగ్గర దింపి ఎక్కించుకునేవాడు, చుట్టుపక్కల పిల్లలకి ఊరికే లెక్కలు చెప్పేవాడు. పార్టీల్లో మగవాళ్ళు “ఏ కంపెనీ అండీ?” అంటే, “మా ఆవిడ కంపెనీయే” అని నవ్వించేవాడు. తర్వాత తర్వాత ఆ జోకు మానేశాడు, పార్టీలకి రావడమూ తగ్గించాడు.

ఆరో ఏడంటే వీసాకి ఆఖరి ఏడు. ఈలోగా మ్యూజియం నా గ్రీన్‌కార్డుకి పిటిషన్ వేయాలి. వేస్తే మేం ఉంటాం, ప్రసాద్‌కి పనిచేసుకునే అనుమతి వస్తుంది. వేయకపోతే సామాను సర్దుకోవడమే. పిటిషన్ కదలాలంటే వాల్టర్ సంతకంతో సిఫార్సు లేఖ కావాలి. లాయరు అప్పటికే రెండుసార్లు గుర్తుచేశాడు. సరిగ్గా ఆ సమయంలో నేను వెళ్ళి ఆయనకి పేరు తెచ్చిన వ్యాసం తప్పని చెప్పాలి.

భోజనాల దగ్గర ప్రసాద్‌కి చెప్పాను.

“నీ కౌంటెస్‌కి పెళ్ళయితే మనకేంటి, కాకపోతే మనకేంటి?” అన్నాడు. “ఆయన సైన్ చేశాక చెప్పొచ్చు కదా.”

“అప్పటికి ఎగ్జిబిషన్ కేటలాగ్ ప్రింటయిపోతుంది.”

“అవనీ.”

“అవనీ అంటే? ఆ చీటీ రాసేది నేను. తెలిసి తెలిసి అబద్ధం రాయమంటావా?”

“నేను రాయమనట్లా. కొన్నాళ్ళు నోరు మూసుకోమంటున్నా. పంపించేస్తే అక్కడ నీకు జాబ్ రెడీగా ఉందా? నాకుందా? నాకు యాభై దాటింది, వసూ.”

చారు పోసుకోబోయి గరిటె అలాగే పెట్టేశాడు. నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది. ఆయన భయం అబద్ధం కాదు. కానీ ప్రింటయిపోయిన తప్పుని వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు, వాల్టర్ వ్యాసమే దానికి సాక్ష్యం.

పొద్దున్న స్టేషన్ దగ్గర కారు ఆపి, నా వైపు చూడకుండానే, “చెప్పేదేదో గట్టిగా చెప్పు. నసగకు” అన్నాడు.

ల్యాబ్‌లో

నసగలేదు. వాల్టర్‌ని ల్యాబ్‌కి తీసుకెళ్ళి భూతద్దం చేతిలో పెట్టాను. “ఏం కనిపిస్తోందో చెప్పండి. తెలిసింది చెప్పొద్దు” అన్నాను. ఆయన మాట ఆయనకే అప్పజెప్పానని తర్వాత అనిపించింది గానీ, ఆ క్షణంలో అలా వచ్చేసింది.

చాలాసేపు చూశాడు. మెడ మీద ఎరుపు పాకింది.

“పెళ్ళికి ముందు వేయించుకున్న బొమ్మేమో” అన్నాడు.

“అలాగైతే ఇది జంట కాదు కదా.”

“నా వ్యాసం చదివావా?”

“చాలాసార్లు. ఆవిడ ఎడమవైపు ఎందుకుందో ఎంతో బాగా చెప్పారు. కానీ ఆవిడ ఎడమవైపు ఉన్నది మనం అక్కడ పెట్టబట్టి, వాల్టర్.”

భూతద్దం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత మూడు వారాలు ఆయన గది తలుపు మూసే ఉంది. ఈమెయిల్ పెడితే ఒక లైను జవాబు. హెచ్ఆర్ అమ్మాయి వచ్చి, వాల్టర్ లెటర్ ఇంకా రాలేదు, నువ్వొకసారి అడుగుతావా అంది. అడగలేదు. భయం వేసింది. వేయలేదంటే కోతలు కోసినట్టే. ఇంట్లో ప్రసాద్ సూట్‌కేసుల చక్రాలు బాగుచేయడం మొదలుపెట్టాడు, ఊరికే ఉన్నాను కదా అని సాకు చెప్పి. కానీ ఆ రిబ్బన్ గురించి ‘నేను పొరపాటు పడ్డానేమో’ అన్న మాట మాత్రం నా నోట రాలేదు, రానివ్వలేదు.

మార్గరెట్

ఒక రోజు వాల్టర్ నా బల్ల దగ్గరికి వచ్చి, “రా, మార్గరెట్ వచ్చింది” అన్నాడు. ఆ రెండు బొమ్మలూ మ్యూజియానికి ఇచ్చిన దంపతుల కూతురు మార్గరెట్. ఎనభై దాటాయి. తల్లిదండ్రులు హనీమూన్‌లో కొన్న జంట అని ఏటా వాళ్ళ పెళ్ళిరోజుకి వచ్చి, ఎదురుగా బెంచీ మీద కాసేపు కూర్చుని వెళ్ళేది. ఎగ్జిబిషన్ ప్రారంభించేదీ ఆవిడే.

ఆవిణ్ణి ల్యాబ్‌కి తీసుకొచ్చి బొమ్మల ముందు కుర్చీ వేశాం. నేనే చెప్పాల్సి వస్తుందనుకుని గొంతు సవరించుకుంటున్నాను. వాల్టర్ చెయ్యెత్తి నన్ను ఆపాడు.

“మార్గరెట్, వీళ్ళు భార్యాభర్తలు కారు. నేను తప్పు రాశాను. కనిపెట్టింది వసుంధర.”

ఆవిడ ఇద్దరి మొహాలూ చూసింది. “మరి ఈవిడెవరు?” అంది.

నేను చెప్పాను. సొంత ఇల్లు, సొంత రాబడి, సొంతంగా వచ్చిన కౌంటెస్ బిరుదు, పెళ్ళి లేదు. మార్గరెట్ కళ్ళు తుడుచుకుంది. అయిపోయింది, ఈవిణ్ణి ఏడిపించాం అనుకున్నాను. చూస్తే ఆవిడ నవ్వుతోంది.

“మా అమ్మకి ఈయనంటే అసలు పడేది కాదు” అంది కౌంట్ వైపు వేలు చూపించి. “కొనేటప్పుడే అంది, ఆవిణ్ణొక్కదాన్నే కొందామని. షాపువాడు విడిగా అమ్మనన్నాడు. మా నాన్నకేమో జంటే కావాలి. మా డైనింగ్ రూమ్‌లో అమ్మ ఎప్పుడూ ఈయనకి వీపు పెట్టి కూర్చునేది.” ఇంకా నవ్వుతూనే, “ఇన్నాళ్ళకి మా అమ్మ కోరిక తీరుస్తున్నారు. ఆవిణ్ణి విడిగా పెట్టండి” అంది.

కవరు

మార్గరెట్‌ని లిఫ్ట్ దాకా దింపి వస్తుంటే వరండాలో వాల్టర్ కోటు జేబులోంచి ఒక కవరు తీసి నాకిచ్చాడు. సిఫార్సు లేఖ. సంతకం ఉంది. దాని మీద తేదీ చూశాను, ల్యాబ్‌లో నేను చెప్పిన రోజుది.

“ఆ రోజే సంతకం పెట్టాను” అన్నాడు. “నువ్వు వెనక్కి తగ్గుతావేమో చూద్దామని ఇవ్వలేదు.”

ఏదో మెచ్చుకుంటున్నట్టు చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. “మూడు వారాలు మా ఇంట్లో ఇద్దరం సరిగ్గా అన్నం తినలేదు. మీకు చూడాలనిపిస్తే బొమ్మల్ని చూడండి, మమ్మల్ని కాదు” అన్నాను. ఆయన నేల చూస్తూ, “నిజమే. అలా చేసి ఉండకూడదు” అన్నాడు.

శ్రావ్యా, వాల్టర్ మంచివాడా చెడ్డవాడా అని నువ్వు అడుగుతావు. రెండూ. తన తప్పుని ఒక ముసలావిడ ముందు తనంతట తనే ఒప్పుకున్నాడు, అంత మాట చెప్పగలిగిన పెద్దమనిషిని నేను మళ్ళీ చూడలేదు. అదే మనిషి నా వీసాతో నన్ను పరీక్షించాడు. రేపు నీ కిందా ఎవరో వీసా మీద పనిచేస్తారు. వాళ్ళ కాయితాలు నీ చేతిలో ఉంటే ఆ రోజే ఇచ్చెయ్యి. నీ వ్యాసాన్ని ఎవరైనా తప్పంటే భూతద్దం తీసుకుని వాళ్ళ వెంట వెళ్ళు.

ఆ సాయంత్రం రైలు దిగేసరికి ప్రసాద్ కారులో ఉన్నాడు. నేను కూర్చుని బెల్టు పెట్టుకుంటుంటే, “ఆవిణ్ణి విడిగా పెడుతున్నారా?” అని అడిగాడు. లేఖ గురించి అడుగుతాడనుకున్నాను.

“అవును. ఒక గోడంతా ఆవిడకే.”

“మంచిది” అని కారు కదిలించాడు.

ఎర్ర లైటు దగ్గర ఆగినప్పుడు కవరు తీసి ఆయన ఒళ్ళో పెట్టాను. తెరవలేదు. దాని మీద చెయ్యి వేసి, “సైన్ చేశాడా?” అన్నాడు. చేశాడన్నాను. లైటు పచ్చగా మారింది. ఆయన కదల్చలేదు. వెనక కారువాడు హారన్ కొట్టాడు. ఎలాగో పక్కనే ఉన్న మందులషాపు పార్కింగ్‌లోకి తిప్పి, ఇంజన్ ఆపి, స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఏడవడం నేను చూడలేదు, వాళ్ళ నాన్న పోయినప్పుడు కూడా. వీపు మీద చెయ్యి వేసి అలాగే కూర్చున్నాను. నాకూ కన్నీళ్ళు ఆగలేదు.

కాసేపటికి డాష్‌బోర్డులో ఉన్న టిష్యూతో మొహం తుడుచుకుని, ముక్కు చీదుకుని, నా వైపు తిరిగాడు.

“ఇంతకీ ఆవిడ పేరేంటి?” అన్నాడు.

“షార్లొట్.”

“షార్లొట్” అని ఒకసారి తనలో తను అనుకుని, కారు స్టార్ట్ చేశాడు.